మామ్మగారి పాకలో మిలటరీ బండి



గడిచిన కొన్ని నెలల్లో మీలో చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, మిలటరీ బండి కొంటున్నారట కదా?" అని కొందరు ఫోను చేశారు. "అమ్మగారూ, ఇంతకీ కొన్నారా లేదా?" అని కొందరు ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగారు. హైదరాబాదులో ఉన్న ఒక తమ్ముడైతే ఫొటో పంపమన్నాడు. మేమిద్దరం నవ్వి ఊరుకున్నాము. ఊరుకోవడానికి కారణం ఉంది. ఆ సంగతిలో మేము చెప్పుకోదగ్గ పని ఒకటి, చెప్పుకోవడానికి సిగ్గుపడే పని ఒకటి చేశాము. మొదటిది చెప్పి రెండోది దాచితే అది సాక్ష్యం కాదు, సొంత డబ్బా. కాబట్టి రెండూ రాస్తున్నాము. ఆ బండి గల మామ్మగారి అనుమతి అడిగే రాస్తున్నాము. "రాయండి గానీ నా పేరు వద్దండీ" అన్నారు. అలాగే ఊరి పేరూ రాయడం లేదు. దివిసీమలో ఒక ఊరు, అంతే.

మామ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఒక సోమవారం సాయంత్రం ప్రార్థన చేయడానికి వాళ్లింటికి వెళ్లాము. వర్షం పడుతుంటే మా మోపెడ్‌ను పశువుల పాకలోకి తోశాము. అక్కడ గేదెకు అవతల, కొబ్బరి మట్టల మోపు పక్కన, గోనెసంచులు కప్పి ఏదో ఉంది. సంచి మీద కోడి పొదిగి ఉంది. సంచి అంచు కింద నుండి ఒక ముందు చక్రం, దానిపైన రెండు ఇనుప చట్రాల మధ్య నిలబెట్టిన పెద్ద స్ప్రింగు కనబడ్డాయి.

మాలో ఒకరికి మోటారు సైకిళ్లంటే పిచ్చి. ఇంకొకరికి లెక్కలంటే పిచ్చి. ఎవరికి ఏదో మీకు తెలుసు. మొదటివారు ప్రార్థన సంగతి మరచి అక్కడే నిలబడిపోయారు. వాళ్ల నాన్నగారు మచిలీపట్నంలో మెకానిక్. చిన్నప్పుడు ఆయన పాత బండ్ల గురించి చెబుతుంటే వింటూ పెరిగినవారు. కోడిని కదపకుండా సంచి కొంచెం పక్కకు జరిపి, ట్యాంకు చూసి, ఇంజను చూసి, "ఇది బి.ఎస్.ఏ. ఎం20" అన్నారు, దేవాలయంలో మాట్లాడినంత మెల్లగా.

మీలో బండ్ల గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాము. బి.ఎస్.ఏ. అనేది ఒకప్పుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో ఉండిన కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి ఈ ఎం20 బండ్లు లక్షకు పైగా చేసి ఇచ్చింది. ఒకే సిలిండరు, 496 సీసీ. వాల్వులు సిలిండరు తలమీద కాక పక్కన ఉంటాయి. అందువల్ల వేగం తక్కువ, కానీ మొండి బండి. నాసిరకం పెట్రోలుతోనూ నడుస్తుంది. బరువు ఇంచుమించు 170 కిలోలు. వెనుక చక్రానికి స్ప్రింగులే లేవు, సీటు కింద మాత్రమే ఉన్నాయి. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. సైన్యంలో ఉత్తరాలు, ఆజ్ఞలు మోసుకెళ్లే మనుషులకు ఇచ్చేవారు. మన దేశంలో ఉన్న దళాలకూ ఇచ్చారు.

ఆ బండికి మామ్మగారి ఇంట్లో ఎవరో నీలం రంగు వేయించారు. ఆ రంగు పెచ్చులుగా ఊడిన చోట కింద గోధుమ రంగు కనిపిస్తోంది. సైన్యపు బండ్లకు యుద్ధం మొదట్లో ఖాకీ పచ్చ వేసేవారు, 1942 నుండి గోధుమ రంగు, 1944 నుండి ఆలివ్ పచ్చ. అంటే ఇది ఆ నడిమి కాలపు బండి అయి ఉండాలి. ట్యాంకు మీద ఇంకొంచెం గీకితే తెల్లటి 'సి' అక్షరం, దాని వెనుక సగం చెరిగిన అంకెలు. అది సైన్యం ఇచ్చిన నంబరు. పాదాలు పెట్టుకునే చోట రబ్బరు లేదు, ఉత్త ఇనుమే. రబ్బరు ఊడిపోలేదు, అసలు వేయలేదు. 1942 మొదట్లో మలయా జపాను చేతిలో పడింది. రబ్బరు తోటలు చాలా అక్కడ ఉండేవి. దాంతో బండ్ల ఫ్యాక్టరీలు పాదాల కింద రబ్బరు మానేశాయి, చేతి పిడులకు కాన్వాసు గుడ్డ వాడాయి. ఆ ఏడాదే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం ఎక్కడో జరిగిందనుకుంటాము గానీ మన గుమ్మం దాకా వచ్చింది. అందులో ఒక ముక్క మన పేట పాకలో కోడిపెట్ట కింద ఉంది.

"ఆ ఇనుము మీద వానొస్తే కాలు జారేదండీ" అన్నారు మామ్మగారు. ఎప్పుడు వచ్చి మా వెనుక నిలబడ్డారో మేము చూడలేదు.

ఆ బండి ఆమె మావగారిది. ఆయన యుద్ధ కాలంలో సైన్యంలో ఫిట్టరుగా పనిచేసి వచ్చారు. కొన్నేళ్ల తర్వాత మద్రాసులో ఎవరో పాత మిలటరీ సామాను అమ్ముతుంటే, దాచుకున్న డబ్బు పెట్టి ఈ బండి తెచ్చుకున్నారు. ఊళ్లో అదే మొదటి మోటారు సైకిలు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను దాని మీద అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లేవారట. ముందు ఆయన, నడుమ ఆ మనిషి, వెనుక పట్టుకోవడానికి ఇంకొకరు.

తర్వాత 1977 నవంబరు 19 వచ్చింది. దివిసీమలో పుట్టినవారికి ఆ తేదీ గురించి మేము చెప్పాల్సిన పని లేదు. ఉప్పెన వచ్చిన ఆ శనివారం గురించి మామ్మగారు కూడా ఎక్కువ చెప్పలేదు. నీళ్లు పోయాక ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలో, తుమ్మ చెట్ల మధ్య, హ్యాండిలు దాకా బురదలో కూరుకుని బండి కనిపించిందట. మావగారు తవ్వి తీసి, ఎడ్లతో లాగించి, ఇంజను విప్పి కడిగారు. విజయవాడలో మాగ్నెటో చుట్టించి తెచ్చారు. ఆర్‌సీ పుస్తకం కొట్టుకుపోతే మచిలీపట్నం వెళ్లి మళ్లీ తీసుకున్నారు. కొన్నేళ్లు నడిపారు. ఆయన కళ్లు మందగించాక పాకలో పెట్టారు. ఇంక ఎవరూ తీయలేదు.

పక్కన ఉన్న పనిముట్ల డబ్బా మూత తెరిచి చూశాము. అడుగున బూడిద రంగు మట్టి గట్టిగా అంటుకుని ఉంది. మడ అడవి దగ్గర దొరికే ఉప్పు మట్టి. ఇంజను కడిగినాయన ఆ డబ్బా కడగలేదు. మాలో ఒకరికి గొంతు పూడుకుపోయింది.

ఆ రాత్రే అనుకున్నాము, దీన్ని ఎవరూ పాడు చేయకూడదు, రంగులు వేసి మెరిపించకూడదు, ఉన్నదున్నట్టు ఉంచేవాళ్ల చేతిలో ఉండాలి అని. అలాంటివాళ్లు ఎవరు? మేమే అని మాకు తోచింది. ఆశ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. నాకు కావాలి అనదు. నేనైతే బాగా చూసుకుంటాను అంటుంది.

అడగకుండానే మామ్మగారే అవకాశం ఇచ్చారు. మనవరాలికి నర్సింగులో సీటు వచ్చింది. తల్లి లేదు, తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా పని. మొదటి ఫీజు నెలాఖరుకు కట్టాలి. పాత ఇనుము కొనేవాడు బండి చూసి అయిదు వేలు ఇస్తానన్నాడట. "అయ్యగారూ, అమ్మగారూ, మీకు ఇష్టమని చూస్తేనే తెలుస్తోంది. మీరు పదిహేను వేలు ఇస్తే చాలండీ. మీ దగ్గర బేరం ఏముంటుంది?" అన్నారు.

మా బిస్కెట్ల డబ్బాలో అప్పటికి 58,000 రూపాయలు ఉన్నాయి. మూడేళ్లుగా దాచినవి. మోపెడ్ ఎక్కలేక ఎక్కుతోంది. ఆరు ఊళ్లలో ప్రార్థన కూటములు ఉన్నాయి. వర్షాకాలంలో కరకట్ట మీద ఇద్దరం దిగి తోసిన రోజులు మీరు చూశారు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక మంచి బండి కొనాలని ఆ డబ్బు. కాబట్టి మాకు సాకులు దొరకడం కష్టం కాలేదు. "ఇది బండే కదా. సేవకు పనికొస్తుంది. దానికి మిగిలిన నలభై మూడు వేలు పెడితే నడుస్తుంది" అన్నారు ఒకరు. ఇంకొకరు పుస్తకం తీసి లెక్క రాశారు గానీ వద్దనలేదు. అది మాకు గుర్తుంది.

గురువారం విజయవాడ ఆటోనగర్ వెళ్లాము. అక్కడ పాత బండ్లు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడని విన్నాము. ఫోనులో తీసిన ఫొటోలు చూపించాము. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. ఫ్రేము మెడ దగ్గర, సిలిండరు కింద ఇంజను కేసు మీద ఉన్న నంబర్లు చూశాడు. రెండిటికీ ముందు 'డబ్ల్యూ-ఎం20' అని ఉంది, అది సైన్యపు బండి గుర్తు అన్నాడు. కార్బురేటరు, దీపం, ట్యాంకు, అన్నీ దానివే అన్నాడు. తర్వాత మా ఆశల మీద ఒక్కొక్కటిగా నీళ్లు పోశాడు.

మాగ్నెటో మళ్లీ చుట్టించాలి. ఇన్నేళ్లు నిలబడిన ఇంజనులో నూనె అంతా కిందికి దిగి గడ్డకట్టి ఉంటుంది, విప్పకుండా కిక్కు కొడితే విరుగుతుంది. ఉప్పునీళ్లు తాగిన ట్యాంకు లోపల ఎంత తిన్నదో చూడాలి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పాత రబ్బరు, కార్కు బిరడాలు తట్టుకోవు. విడిభాగాలు దొరుకుతాయి గానీ చాలావరకు ఇంగ్లండు నుండి తెప్పించుకోవాలి. "నడిపించడానికే మీ నలభై వేలు చాలవండీ. నడిచాక కూడా రోజూ ఆరు ఊళ్లు తిరగడానికి ఇది పనికిరాదు" అన్నాడు.

చట్టం సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఇంటికొచ్చాక మేమూ చదివి చూసుకున్నాము. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన బండ్లకు 'వింటేజ్' రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. ఇంజను, ఛాసిస్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పొడిగించడానికి 5,000. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి మాత్రం వాడకూడదు. అలా కాకుండా మామూలు బండిలాగే తిప్పుతామంటే ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి పాత ఆర్‌సీని బతికించుకోవాలి. నలభై ఏళ్లుగా కదలని బండి అది. అంటే 'సేవకు పనికొస్తుంది' అన్న మాట అక్కడితో పడిపోయింది. మేము కోరుకున్నది వాహనం కాదు, వస్తువు. కోరికకు సేవ అనే తెల్లచొక్కా తొడిగాము.

అప్పుడు అడగకూడని ప్రశ్న అడిగాము. "ఇలాంటిది ఎంత పలుకుతుంది?"

"కాగితాలు ఉండి, ఎవరూ చెయ్యి పెట్టని బండయితే రెండు లక్షలకు తక్కువ అడగరండీ. కావలసినవాడు దొరికితే ఇంకా పైమాటే. మీకు ఎంతకు ఇస్తామన్నారు?"

మేము చెప్పలేదు. "ఇంకా అనుకోలేదు" అన్నాము. అది మొదటి అబద్ధం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు. పులిగడ్డ అక్విడక్టు దాటాక, లెక్కలంటే పిచ్చి ఉన్నవారు నోరు తెరిచారు. "పదిహేను వేలకు కొని, ఒక ఏడాది ఉంచుకుని, రెండు లక్షలకు ఇచ్చేస్తే మందిరం మీద రేకులు మార్చవచ్చు" అన్నారు. మందిరం రేకులు కారుతున్నాయని మీకు తెలుసు. ప్రియులారా, ఇది జాగ్రత్తగా వినండి. ఒకరిని బండి మీద ఆశ పట్టుకుంటే, ఇంకొకరిని మందిరం రేకులు పట్టుకున్నాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం. బండి మీద ఆశ అయితే కనీసం ఆశలాగే కనిపిస్తుంది. రేకుల ఆశ భక్తిలాగా కనిపించింది.

మేము మామ్మగారితో ఏమీ చెప్పలేదు. ఒక రోజు కాదు, ఎనిమిది రోజులు. ఇదే మేము సిగ్గుపడే సంగతి. చెప్పకూడదని నిర్ణయించుకోలేదు. నిర్ణయించుకుంటే పాపం స్పష్టంగా కనబడేది. రేపు చూద్దాం, ముందు ఇంకొకరిని అడుగుదాం, మెకానిక్ ఎక్కువ చెప్పాడేమో, పాత ఇనుముకు అయిదు వేలు ఇచ్చేచోట మేము మూడింతలు ఇస్తున్నాం కదా, ఇలా రోజులు దాటించాము. ఆవిడే అడిగిన ధర కదా అని కూడా అనుకున్నాము. మాట నిజమే. కానీ ఆవిడ ఆ ధర అడిగింది బండి విలువ తెలిసి కాదు, ఫీజు గడువు చూసి. మాతో బేరం చేయకపోవడానికి కారణం ధర నచ్చి కాదు, మా మీద నమ్మకం.

మధ్యలో ఆదివారం వచ్చింది. మామ్మగారు కర్ర పట్టుకుని ఆరాధనకు వచ్చారు. అయ్యాక గుమ్మం దగ్గర, "బండి ఎప్పుడు తీసుకెళ్తారండీ? గడ్డి పెట్టుకోవడానికి చోటు లేదు" అని నవ్వారు. "చూద్దాం మామ్మా" అన్నాము. అంతే. రెండు మాటలు. దొంగ త్రాసు గురించి ఈ సంఘంలో మేము ఎన్నిసార్లు ప్రసంగించామో మీకే తెలుసు. త్రాసు అంటే మాకు ఎప్పుడూ కిరాణా కొట్టులోని తక్కెడే గుర్తొచ్చేది. ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనప్పుడు మౌనం కూడా ఒక దొంగ రాయేనని, అది మన వైపు పళ్లెంలోనే ఉంటుందని ఆ రోజు వరకు మాకు తట్టలేదు.

శుక్రవారం రాత్రి ప్రార్థనకు కూర్చుంటే ఇద్దరికీ మాటలు రాలేదు. అప్పుడు మాలో ఒకరు ఒక ప్రశ్న అడిగారు. "మనకు తెలిసినదంతా మామ్మకు కూడా తెలిస్తే, ఈ ధరకు మనకు ఇస్తుందా?" ఇంకొకరు జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. కొనాలా వద్దా అని పది రోజులుగా తర్జనభర్జన పడుతున్న విషయం ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఖర్చు లెక్క, విడిభాగాలు, చట్టం, అన్నీ తర్వాతి సంగతులు. ముందు అడగవలసింది ఇదే.

తెల్లవారి శనివారం పొద్దున్నే వెళ్లాము. మామ్మగారు అరుగు మీద చింతపండు ఒలుస్తున్నారు. కూర్చుని అంతా చెప్పాము. అది ఏ బండో, మెకానిక్ ఎంత అన్నాడో, ఎందుకు అంత విలువో. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?"

"పోయిన గురువారం, మామ్మా."

కాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. "అంటే నేను ఆదివారం మిమ్మల్ని అడిగినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు మామ్మా. తప్పు చేశాము. క్షమించండి."

ఆవిడ తిట్టి ఉంటే మాకు తేలికయ్యేది. తిట్టలేదు. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి మా ముందు పెట్టారు. "తాగండి. ఎండన పడి వచ్చారు" అన్నారు. చాలాసేపటి తర్వాత, "చెప్పారు కదా, చాలు" అన్నారు. ఆ మజ్జిగ దిగడానికి మాకు చాలా సమయం పట్టింది.

నిజం చెప్పి చేతులు దులుపుకుంటే ఫీజు గడువు ఆగదు. సరైన ధర ఇచ్చేవాడు ఒక్క వారంలో దొరకడు. అందుకని డబ్బాలో నుండి ఇరవై అయిదు వేలు ఆవిడకు బదులు ఇచ్చాము. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మామ్మగారే కాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చారు, బండి అమ్మిన రోజునే పైసాతో సహా తీర్చేశారు. మేము చేసిన సాయమల్లా మనవరాలి చేత ఫొటోలు తీయించి, ఆటోనగర్ మెకానిక్ ద్వారా నలుగురికి పంపడం, వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు మామ్మగారి పక్కన కూర్చోవడం.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకాయన పాత బండ్లను తుప్పుతో సహా అలాగే ఉంచుతానన్నాడు. రెండో ఆయన మొత్తం విప్పి, రంగు చెక్కించి, కొత్తదానిలా మిలటరీ పచ్చ వేయిస్తానన్నాడు. రెండో ఆయన ఇరవై వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. మాకు మనసు ఆగలేదు. అడక్కుండానే సలహా చెప్పాము. "మామ్మా, మొదటాయనకు ఇస్తే బాగుంటుంది. ఒకసారి చెక్కేస్తే ఆ గోధుమ రంగు, ఆ నంబరు మళ్లీ రావు. ఉప్పెన నాటి మట్టి కూడా ఆ డబ్బాలో అలాగే ఉంది. అదంతా చరిత్ర" అన్నాము. కొంచెం గర్వంగానే అన్నాము. బర్మింగ్‌హాంలోని బి.ఎస్.ఏ. ఫ్యాక్టరీ మీద 1940లో బాంబులు పడి 53 మంది పనివాళ్లు చనిపోయిన రోజు కూడా నవంబరు 19 అని మేము ఎక్కడో చదివాము. అది కూడా చెప్పాము. ఆ ఇనుము రెండు చోట్లా అదే తేదీని మోసిందని చెబితే ఆవిడ ఆశ్చర్యపోతారనుకున్నాము.

మామ్మగారు శ్రద్ధగా విన్నారు. "పాపం, ఎవరి బిడ్డలో" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆ మట్టి చరిత్ర అని మీకు అనిపిస్తదండీ. నా రెండేళ్ల పిల్లాణ్ని తీసుకెళ్లిన నీళ్లవి. మా మావగారు ఆ డబ్బా ఎందుకు కడగలేదో నాకు తెలీదు. నలభై ఏళ్లకు పైగా ఆ పాకలోకి పోయినప్పుడల్లా చూస్తన్నాను. ఎవరన్నా శుభ్రంగా కడిగి, రంగేసి, తిప్పుకుంటానంటే నాకు సంతోషమేనండీ" అన్నారు.

ఆ పిల్లాడి సంగతి మాకు తెలియదు. పదకొండేళ్లుగా ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్తున్నాము. ఆవిడ మోకాళ్ల గురించి అడిగాము, పెన్షను గురించి అడిగాము. ఆ పేరు ఎప్పుడూ అడగలేదు. పనిముట్ల డబ్బాలో మట్టి చూసి గొంతు పూడుకున్న మాకు, దాని యజమానురాలి కళ్లలోకి చూసే తీరిక లేకపోయింది.

బండి రెండో ఆయనకే అమ్మారు. ఎంతకో రాయము, ఆ లెక్క మామ్మగారిది. నాలుగేళ్ల ఫీజుకూ దిగులు లేదని మాత్రం చెప్పవచ్చు. మినీ లారీ వచ్చిన రోజు మేమూ వెళ్లి ఒక చెయ్యి వేశాము. గాలి లేని చక్రాలతో 170 కిలోల ఇనుమును బల్ల మీదుగా ఎక్కించడానికి ఆరుగురం పట్టాము. కోడి మాత్రం చాలా గొడవ చేసింది. లారీ కదిలాక మామ్మగారు పాకలోకి వెళ్లి ఖాళీ చోటు చీపురుతో ఊడ్చారు. ఊడ్చి, నడుం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత మా వైపు తిరిగి ఆ బాబు పేరు చెప్పారు. ఆ పేరుతో అక్కడే నిలబడి ప్రార్థన చేశాము. 1977 తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ప్రార్థనలో వినడం అదే మొదటిసారి అన్నారు.

మేము ఏం కొన్నామని అడుగుతారు. మోపిదేవిలో ఒకరి దగ్గర ఎనిమిదేళ్ల నాటి మామూలు 100 సీసీ బండి కొన్నాము. అమ్మినాయనకు దాని చైను మార్చాల్సి ఉందని ముందే తెలుసు, మాకూ చెప్పాడు, ధర కూడా తగ్గించాడు. ఆ మాట వినగానే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మందిరం రేకులు ఇంకా కారుతున్నాయి. వాటి సంగతి సంఘమంతా కలిసి చూద్దాము.

పాత బండి ఒకటి దొరికింది, కొనాలా వద్దా అని మీలో ఎవరైనా ఆలోచిస్తూ ఉంటే, మేము నేర్చుకున్న నాలుగు సంగతులు పెట్టుకోండి. ఒకటి, ఫ్రేము నంబరు, ఇంజను నంబరు, ఆర్‌సీ మూడూ కలుస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. కాగితం లేని బండి ఎంత అందంగా ఉన్నా అది మీది కాదు. రెండు, నడిపించడానికి అయ్యే ఖర్చు కొనే ధర కన్నా ఎక్కువ ఉంటుందని ముందే అనుకోండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలన్న ఉపమానం బండ్లకు కూడా వర్తిస్తుంది. మూడు, దాన్ని ఏ పనికి కొంటున్నారో మీతో మీరు నిజం చెప్పుకోండి. ఇష్టానికి కొంటే ఇష్టానికే అని చెప్పండి, అందులో తప్పు లేదు. సేవ పేరు చెప్పవద్దు, ఇంటి అవసరం పేరు చెప్పవద్దు.

నాలుగోది బండ్లకే కాదు, పొలానికి, గేదెకు, బంగారానికి, పెళ్లి సంబంధానికి కూడా. మీకు తెలిసినదంతా ఎదుటివారికీ తెలిస్తే ఈ బేరం ఇలాగే ఉంటుందా? ఉంటుందంటే సంతోషంగా ముందుకు వెళ్లండి. ఉండదంటే ముందు వెళ్లి చెప్పండి. ఎనిమిది రోజులు ఆగకండి. మేము ఆగాము. మామ్మగారు మమ్మల్ని క్షమించారు. గుమ్మం దగ్గర ఆ ఆదివారం అన్న రెండు మాటలు మాత్రం మాకు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

ఆ పాక మీదుగా వెళ్లినప్పుడల్లా మాలో ఒకరి కళ్లు ఇప్పటికీ అటే తిరుగుతాయి. ఇంకొకరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. అక్కడ ఇప్పుడు గడ్డి మోపు ఉంది. కోడి దాని మీదికి ఎక్కింది.

ప్రభువు మన మాటలను, మన మౌనాన్ని కూడా శుభ్రపరచును గాక. ఆమేన్.